పాటిగడ్డ - శిథిలము - ఆసార్

ఊరి వెలుపల ఎత్తుగా నిలిచి, కుండపెంకులతో, బూడిదమన్నుతో నిండియుండు నేలను మన పల్లెలలో పాటిగడ్డ అందురు. పాటిదిబ్బ అనియు వ్యవహారము కలదు. చెదరిన పూర్వనివాసముల ఆనవాళ్ళను తెలుపు ఈ పదమును, దానికి తోడైన సంస్కృత, ఉర్దూ పదములను విద్యార్థుల కొరకు సంగ్రహముగా వివరింపదలచితిమి.

తెలుగులో 'పాడు' అనగా చెడినది, జనము విడిచినది. 'నాడు' నాటి యైనట్లు, 'ఏడు' ఏటి యైనట్లు, 'పాడు' సమాసమున 'పాటి' యగును. కావున పాటిగడ్డ యనగా పాడువడిన ఊరి గడ్డ.

సంస్కృతమున 'శిథిలము'నకు మొదటి అర్థము సడలినది యని. ముడి సడలినను, గోడ సడలినను శిథిలమే. కట్టడము కూలుటకు ముందు దాని బిగువు సడలునని ఈ మాట తెలుపుచున్నది. 'అవశేషము' మిగిలినది.

ఉర్దూలో 'ఖండర్' అందురు. ఖండము, గృహము అను సంస్కృత పదములే ఇందు కలిసియున్నవి. 'ఆసార్' మాత్రము అరబ్బీ పదము. 'అసర్' అను ఏకవచనమునకు బహువచనము. అడుగుజాడ, గుర్తు అని అర్థము. సర్ సయ్యద్ అహమద్ ఖాన్ ఢిల్లీ కట్టడములను గూర్చి 1847లో వెలువరించిన గ్రంథము పేరు 'ఆసారుస్సనాదీద్'. 1914లో గులాం యజ్దానీ సారథ్యమున హైదరాబాదు సంస్థానమందు ఏర్పడిన పురావస్తు శాఖను ఉర్దూలో 'ఆసారె ఖదీమా' అనిరి. ఒక భాష పాడును చూచినది. ఒకటి సడలికను చూచినది. ఒకటి జాడను చూచినది.

ఆ జాడ విలువకు మన జగిత్యాల సీమయందలి కోటిలింగాలయే సాక్షి. గోదావరి ఒడ్డున నేలపై దొరికిన నాణెములు పండితుల దృష్టికి వచ్చిన పిమ్మట, 1979 మొదలు అచ్చట త్రవ్వకములు జరిగెను. గోబద, నారన, సమగోప మున్నగు శాతవాహన పూర్వపు రాజుల నాణెములును, శాతవాహన మూలపురుషుడైన శ్రీముఖునివిగా గుర్తింపబడిన 'చిముక' నాణెములును లభించినవి. ఏ పురాణపు పట్టికయు చెప్పని పేర్లను మట్టి చెప్పినది.

అయితే పాటిమన్ను మంచి ఎరువు. తరతరముల బూడిద, పేడ, ఎముకలు అందు కలిసియుండుటచే రైతులు దానిని బండ్లకెత్తి పొలములకు తోలుకొనుట చిరకాలపు వాడుక. రైతును నిందింపలేము, పంట అతని బ్రదుకు. కాని పొరలు కలిసిపోయిన పిదప పెంకు వట్టి పెంకే. ఏ పెంకు ఏ పొరలో, దేని ప్రక్కన ఉన్నదో తెలిసిననే అది చరిత్ర యగును.

కావున విద్యార్థులు తమ ఊరి పాటిగడ్డపై నాణెమో, పెద్ద ఇటుకయో కనబడినచో దానిని పెకలింపక, చోటు గుర్తించి వ్రాసికొని, అధ్యాపకులకును, పురావస్తు శాఖకును తెలుపవలెను. ఊరు పాడైనను జాడ పాడు కారాదు.