గాయం బాల్యానిది... అంబులెన్సు ఇప్పటిది!

పేదలు చీటికీమాటికీ ఎమర్జెన్సీ వార్డుకు ఎందుకు పరుగెత్తుతారు? జబ్బు ముదిరా? తెలియకా? ఈ ప్రశ్న వెంట వెళ్లిన అమెరికా డాక్టర్లకు జవాబు కేస్ షీట్లలో దొరకలేదు. ఆ మనుషుల చిన్నతనంలో దొరికింది.

ఐదేళ్లలో 324 సార్లు!

ఒకే ఒక్క పేషెంటు అన్నిసార్లు ఆసుపత్రిలో చేరారంటే ఎవరికైనా ముందు వచ్చే సందేహం 'ఏం జబ్బో పాపం' అని. ఆ వెంటనే వచ్చేది 'వేరే పనీపాటా లేదా' అని. ఈ రెండూ కాకుండా మూడో ప్రశ్న ఒకటుంది. దాన్ని అడగాలని డాక్టర్లకు తట్టడానికే చాలాకాలం పట్టింది.

న్యూజెర్సీ అనగానే మనవాళ్లకు ఎడిసన్ గుర్తొస్తుంది. గుళ్లు, ఇండియన్ షాపులు, తెలుగువాళ్ల సందడి. అదే రాష్ట్రంలో, డెలావేర్ నది ఒడ్డున, ఫిలడెల్ఫియా నగరానికి ఎదురుగా కామ్డెన్ అనే ఊరుంది. ఒకప్పుడు ఓడలు తయారుచేసిన ఊరు, క్యాంప్‌బెల్ సూపుల ఫ్యాక్టరీ నడిచిన ఊరు. ఒక్కొక్కటిగా అవి మూతపడ్డాయి. పనులు పోయాయి. ఉన్నవాళ్లు వెళ్లిపోయారు. లేనివాళ్లు మిగిలారు. చివరికది అమెరికాలోని అతి పేద పట్టణాల్లో ఒకటిగా పేరుపడింది.

జెఫ్రీ బ్రెన్నర్ అక్కడ ఫ్యామిలీ డాక్టర్. 2002లో తోటి డాక్టర్లతో కలిసి ఓ బృందం కట్టి, ఊళ్లోని మూడు ఆసుపత్రుల బిల్లుల లెక్కలన్నీ ఒకచోట పోశారు. ఎవరు ఎన్నిసార్లు వచ్చారు, ఎంత ఖర్చయింది అని కూడుతూ పోతే కళ్లు తిరిగే సంగతులు బయటపడ్డాయి. మొత్తం ఖర్చులో 30 శాతం కేవలం ఒక్క శాతం పేషెంట్లదే! రెండంటే రెండు భవనాల్లో ఉన్న సుమారు 900 మంది, 2002 జనవరి నుంచి 2008 జూన్ వరకు, నాలుగు వేలసార్లకు పైగా ఆసుపత్రి గడప తొక్కారు. వాళ్ల బిల్లులు దాదాపు 20 కోట్ల డాలర్లు. ఆ 324 సార్ల పేషెంటు కూడా ఈ లెక్కల్లో తేలినవారే. డాక్టరు, రచయిత అతుల్ గవాండే 2011లో ఈ కథను న్యూయార్కర్ పత్రికలో రాశాక దేశమంతా కామ్డెన్ వైపు చూసింది.

అర్ధరాత్రి తెరిచుండే తలుపు

అమెరికాలో పేదవాళ్లు ఎమర్జెన్సీకే ఎందుకెళ్తారన్నదానికి పైకి కనిపించే కారణం ఒకటుంది. 1986లో వచ్చిన చట్టం ప్రకారం, ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లను జేబులో డబ్బుందా లేదా అని చూడకుండా పరీక్షించాలి. ప్రాణాపాయం ఉంటే పరిస్థితి నిలకడకు వచ్చేదాకా వైద్యం చెయ్యాలి. మామూలు డాక్టరును చూడాలంటే ముందే అపాయింట్‌మెంట్ కావాలి, పగటిపూట సెలవు కావాలి, వెళ్లడానికి కారుండాలి. గంటల లెక్కన కూలి తీసుకునేవాళ్లకు ఇవన్నీ ఎక్కడ కుదురుతాయి? రాత్రి పన్నెండింటికి కూడా తెరిచుండే తలుపు అదొక్కటే.

మరి ఆరోగ్య బీమా కార్డు చేతిలో పెడితే ఆ పరుగు తగ్గుతుందా? ఆరెగాన్ రాష్ట్రం తెలియకుండానే ఈ పరీక్ష పెట్టింది. 2008లో అక్కడి ప్రభుత్వం పేదల బీమా పథకం మెడికెయిడ్‌లో కొందరికే చోటుందంటూ లాటరీ తీసింది. బీమా వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ పరిశోధకులు ఏడాదిన్నరపాటు పోల్చి చూశారు. 2014లో ఫలితం వెల్లడైంది. బీమా వచ్చినవాళ్లు ఎమర్జెన్సీకి వెళ్లడం తగ్గలేదు సరికదా, 40 శాతం పెరిగింది! మామూలు క్లినిక్‌లో చూపించుకుంటే సరిపోయే బాధలకూ వాళ్లు అక్కడికే వెళ్లారు.

అంటే డబ్బొక్కటే కాదు. ఇంకేదో ఉంది.

ఆ మూడో ప్రశ్న

కామ్డెన్ బృందం పదేపదే ఆసుపత్రికి వచ్చే 19 మందిని కూర్చోబెట్టి, జబ్బు గురించి కాదు, జీవితం గురించి అడిగింది. 2013లో అచ్చయిన ఆ అధ్యయనంలో ఒకే రకం కథలు మళ్లీమళ్లీ వినిపించాయి. చిన్నప్పుడే అమ్మో నాన్నో పోవడం, కొట్లాటల ఇల్లు, నిలకడగా ఓ గూడంటూ లేక ఇంటింటికీ మారడం... ఆ తర్వాత పెద్దయ్యాక డాక్టర్లతో, నర్సులతో చేదు అనుభవాలు. తమను మనిషిగా చూసి ఆప్యాయంగా పలకరించేవాళ్లు దొరికితే అదే పెద్ద వైద్యమన్నట్టు సగం మందికి పైగా చెప్పారు.

'నీకేం జబ్బు?' అని అందరూ అడుగుతారు. 'నీకేం జరిగింది?' అన్నదే ఆ మూడో ప్రశ్న.

అయితే దీనికి బీజం అంతకు ముందెప్పుడో, కాలిఫోర్నియాలోని శాండియాగోలో పడింది. కైజర్ పర్మనెంటే ఆరోగ్య సంస్థలో విన్సెంట్ ఫెలిటి అనే డాక్టరు ఊబకాయం తగ్గించే క్లినిక్ నడిపేవారు. 1980ల మధ్యలో ఆయన దగ్గరికి వచ్చిన ఓ యువతి 51 వారాల్లో 408 పౌన్ల నుంచి 132 పౌన్లకు తగ్గింది. మన లెక్కలో 185 కిలోల నుంచి 60 కిలోలకు. అంత కష్టపడి తగ్గిన మనిషి మూడంటే మూడు వారాల్లో 37 పౌన్లు మళ్లీ పెరిగింది! ఫెలిటి ఆశ్చర్యపోయి ఆరా తీస్తే, పనిచేసే చోట ఒకతను అసభ్యంగా అడగడంతో మొదలైందని తేలింది. ఇంకా తవ్వితే చిన్నప్పుడు సొంత తాత చేసిన దారుణం బయటపడింది. ఆమెకు ఒళ్లు సమస్య కాదు, రక్షణ కవచం. లావుగా ఉంటే ఎవరూ కన్నెత్తి చూడరన్న ధైర్యం. ఆ తర్వాత ఫెలిటి 286 మంది పేషెంట్లతో మాట్లాడితే సగానికి పైగా బాల్యంలో లైంగిక హింసకు గురైనవాళ్లే.

దాంతో ఆయన, అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీకి చెందిన డాక్టర్ రాబర్ట్ ఆండా కలిసి భారీ సర్వే తలపెట్టారు. 1995 నుంచి 1997 వరకు 17 వేల మందికి పైగా పెద్దవాళ్లను వాళ్ల చిన్నతనం గురించి అడిగారు. పద్దెనిమిదేళ్లు నిండకముందు ఎదురైన పది రకాల కష్టాలు... ఒక్కోదానికి ఒక్కో మార్కు. వీళ్లలో ఎక్కువమంది పేదలు కారు. చాలామంది కాలేజీ చదువులు చదివినవాళ్లు, బీమా ఉన్నవాళ్లు. అయినా మూడింట రెండొంతుల మందికి కనీసం ఒక మార్కు, ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి నాలుగు లేదా అంతకంటే ఎక్కువ వచ్చాయి. 1998లో వచ్చిన తొలి నివేదిక ప్రకారం, నాలుగు లేదా అంతకంటే ఎక్కువ వచ్చినవాళ్లకు ఒక్క మార్కూ లేనివాళ్లతో పోలిస్తే గుండెజబ్బు ముప్పు సుమారు రెండు రెట్లు, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ముప్పు దాదాపు నాలుగు రెట్లు. తాగుడు, మత్తుమందులు, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం... వీటి ముప్పు నాలుగు నుంచి 12 రెట్లు!

ఆపని మోటారు

చిన్నప్పటి బాధ నలభయ్యేళ్ల తర్వాత గుండెనొప్పిగా ఎలా మారుతుంది?

బోరు మోటారు నీళ్లు కావాల్సినప్పుడు నడవాలి, తర్వాత ఆగాలి. రాత్రీపగలూ ఆపకుండా నడిస్తే ఏమవుతుంది? వైండింగ్ కాలిపోతుంది. భయం వేసినప్పుడు ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ హార్మోన్లు విడుదలవుతాయి. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. ఆపద తప్పించుకోవడానికి అది అవసరం. కానీ ఏ రాత్రి ఏ గొడవ జరుగుతుందో అని చెవులు రిక్కించి పడుకునే పిల్లాడి ఒంట్లో ఆ మోటారు ఆగదు. ఎదిగే మెదడు మీద, రోగ నిరోధక వ్యవస్థ మీద ఆ భారం పడుతుంది. డాక్టర్లు దీన్ని 'టాక్సిక్ స్ట్రెస్' అంటున్నారు.

రెండో దారి అలవాట్లది. సిగరెట్టు, మందు, మితిమీరిన తిండి... చూసేవాళ్లకు అవి వ్యసనాలు. వాళ్లకు మాత్రం కాసేపటి ఉపశమనం. మూడోది నమ్మకం. తనను కాపాడాల్సిన పెద్దవాళ్లే దెబ్బ కొట్టిన మనిషి డాక్టరునైనా అంత తేలిగ్గా నమ్మడు. చెకప్‌లకు వెళ్లడు, నొప్పిని పళ్లబిగువున ఓర్చుకుంటాడు. ఇక తట్టుకోలేని రాత్రి అంబులెన్సు పిలుస్తాడు.

ఇది ఊహ కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 7 వేల మందికి పైగా పెద్దలపై జరిపిన అధ్యయనం 2017లో అచ్చయింది. బాల్యంలో నాలుగు లేదా అంతకు మించి కష్టాలు పడ్డవాళ్లు ఏడాదిలో ఎమర్జెన్సీకి వెళ్లే అవకాశం రెండు రెట్లకు పైగా ఉందని అది తేల్చింది. ముప్పై నిండని వాళ్లలోనూ ఈ తేడా కనిపించింది. ఇక 2018లో వచ్చిన అమెరికా సర్వే ప్రకారం, ఏడాదికి 15 వేల డాలర్ల లోపు సంపాదించేవాళ్లలో ఈ మార్కులు ఎక్కువ. అంటే పేదవాడికి రెండు దెబ్బలు. గాయమూ ఎక్కువే, మందు వేసే చెయ్యీ దూరమే.

వెంట తిరిగినా...

కారణం తెలిసింది. మరి మందో?

బ్రెన్నర్ బృందం నర్సులను, సామాజిక కార్యకర్తలను పేషెంట్ల ఇళ్లకే పంపింది. మాత్రలు సర్దిపెట్టడం, డాక్టరు దగ్గరికి తోడు వెళ్లడం, ప్రభుత్వ సాయానికి దరఖాస్తులు నింపడం... అన్నీ చేశారు. ఆసుపత్రి రాకపోకలు తగ్గినట్టే కనిపించాయి. 2013లో బ్రెన్నర్‌కు మెకార్థర్ ఫెలోషిప్ కూడా వచ్చింది. అయినా ఆ బృందం తన పనిని తానే పరీక్షకు పెట్టుకుంది. 800 మందిని లాటరీ పద్ధతిలో రెండుగా విడదీసి సగం మందికే సాయం అందించారు. 2020 జనవరిలో ఫలితం వచ్చింది. ఆరు నెలల్లో మళ్లీ ఆసుపత్రిలో చేరినవాళ్లు సాయం అందినవారిలో 62.3 శాతం, అందనివారిలో 61.7 శాతం. తేడా లేదు! బాగా విషమించినప్పుడు లెక్కలోకి వచ్చినవాళ్లకు ఆ తర్వాత ఎటూ కొంత తగ్గుతుంది. ఆ తగ్గుదలనే ఇన్నాళ్లూ తమ విజయం అనుకున్నారన్నమాట.

ఓటమిని దాచుకోకుండా ప్రపంచానికి చెప్పడం వాళ్ల గొప్పదనం. అందులోంచి తెలిసిందీ చిన్న సంగతి కాదు. నలభై యాభై ఏళ్లు ముదిరిన గాయం కొన్ని వారాల తోడుతో మానదు. ముందే పట్టుకోవాలి.

కాలిఫోర్నియా ఆ దారి పట్టింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఓ పేద పేటలో పిల్లల డాక్టరుగా పనిచేసిన నాదిన్ బర్క్ హారిస్ 2019లో ఆ రాష్ట్ర తొలి సర్జన్ జనరల్ అయ్యారు. 2020 జనవరి నుంచి అక్కడి పేదల బీమా పథకం కింద పేషెంట్లను ఈ పది కష్టాల గురించి అడిగే డాక్టర్లకు ఒక్కో పరీక్షకు 29 డాలర్లు చెల్లించడం మొదలైంది. అయితే ఈ మార్కులు జాతకం కావని ఆండా బృందమే 2020లో హెచ్చరించింది. వేలమంది సగటు చెప్పడానికి పనికొచ్చే అంకె ఒక్క మనిషి భవిష్యత్తు చెప్పలేదు. నాలుగు మార్కులున్నా నిండు నూరేళ్లు ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఉంటారు. అలాంటివారి వెనక చాలాసార్లు కనిపించేది ఒకటే... నేనున్నానంటూ నిలబడ్డ ఒక్క పెద్దమనిషి. అమ్మమ్మ కావచ్చు, మేనమామ కావచ్చు, బళ్లో టీచరు కావచ్చు.

మన గడపలో...

ఇదంతా అమెరికా గొడవ అనుకుంటే పొరపాటే. కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి 2007లో నివేదిక ఇచ్చింది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నవాళ్లే. లైంగిక వేధింపులు ఎక్కువగా బయటపడ్డ రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఆ పని చేసినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, నమ్మినవాళ్లే. చాలామంది పిల్లలు ఆ సంగతి ఎవరికీ చెప్పనే లేదు.

'దెబ్బకు దెయ్యమైనా వదులుతుంది' అంటాం. 'చిన్నపిల్లలకేం తెలుసు, రెండ్రోజుల్లో మర్చిపోతారు' అంటాం. మనసు మర్చిపోయినా ఒళ్లు మర్చిపోదని శాండియాగో నుంచి కామ్డెన్ దాకా ఆసుపత్రి లెక్కలు చెబుతున్నాయి. పక్కింట్లో రోజూ ఏడుపు వినిపిస్తుంటే, చలాకీ పిల్లాడు ఉన్నట్టుండి మూగబోతే, 'నీకేం జరిగింది నాన్నా?' అని మెల్లగా అడిగేవాళ్లు ఒక్కరుంటే చాలు. ఆ ప్రశ్న ఎనిమిదేళ్ల వయసులో అడిగితే ఖర్చేమీ ఉండదు. నలభై ఎనిమిదేళ్లకు అడగాలంటే అంబులెన్సు కావాలి.

ఆ పది ఇవీ...

పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు ఎదురయ్యే కష్టాలుగా అమెరికా అధ్యయనం లెక్కలోకి తీసుకున్నవి:

1. తిట్లు, అవమానాలు
2. కొట్టడం
3. లైంగిక హింస
4. ప్రేమ, ఆదరణ కరవవడం
5. తిండి, బట్ట, ఆలనాపాలనా లేకపోవడం
6. తల్లిని కొట్టడం కళ్లారా చూడటం
7. ఇంట్లో తాగుడు, మత్తుమందుల అలవాటు
8. ఇంట్లో ఎవరికైనా మానసిక వ్యాధి లేదా ఆత్మహత్యాయత్నం
9. తల్లిదండ్రులు విడిపోవడం
10. ఇంట్లోవాళ్లు జైలుకెళ్లడం

పిల్లలు ఆపదలో ఉన్నారనిపిస్తే 1098కి ఫోన్ చెయ్యొచ్చు. మానసిక వేదనలో ఉన్న పెద్దవాళ్లు టెలిమానస్ 14416తో మాట్లాడొచ్చు. రెండూ ఉచితమే.