ఫలానా ఆయన భార్య

ఒక రహస్య అధికారిణి పేరు 2003లో అమెరికా పత్రికలకెక్కింది. బయటపెట్టిన నేరానికి ఒక్కరికీ శిక్ష పడలేదు. అందరికంటే ముందు జైలు గుమ్మం తొక్కింది మాత్రం, ఆ సంగతి గురించి ఒక్క వార్తా రాయని విలేఖరి.

2003 జులై 8. వాషింగ్టన్‌లో పెన్సిల్వేనియా అవెన్యూ పేవ్‌మెంట్ మీద ఒకతను పేరుమోసిన కాలమిస్టు రాబర్ట్ నోవాక్‌ను గుర్తుపట్టి, పక్కనే నడుస్తూ మాట కలిపాడు. రెండు రోజులుగా ఊరంతా ఒకటే చర్చ: మాజీ రాయబారి జోసెఫ్ విల్సన్ న్యూయార్క్ టైమ్స్‌లో రాసిన వ్యాసం. ఆయన గురించి మీరేమంటారని ఈ దారినపోయే దానయ్య అడిగాడు. నోవాక్ ఒక బూతుమాటతో మొదలుపెట్టి, వాళ్లావిడ సీఐఏ మనిషని, ఆయన్ని ఆఫ్రికా పంపింది ఆవిడేనని నడిరోడ్డు మీదే చెప్పేశారు. ఆ దానయ్య విల్సన్ స్నేహితుడు. అక్కడి నుంచి నేరుగా విల్సన్ ఆఫీసుకే వెళ్లాడు. ఈ ముచ్చట విల్సనే తర్వాత తన పుస్తకంలో రాసుకున్నారు.

ఆరు రోజులు గడిచాక, జులై 14న, నోవాక్ కాలమ్‌లో ఆ మాట అచ్చయింది. ఆవిడ పేరు వాలరీ ప్లేమ్. చెప్పింది ఇద్దరు ఉన్నతాధికారులని రాశారు. పేరు మాత్రం వాళ్లు చెప్పలేదట. 'విల్సన్ భార్య' అన్నారంతే. ప్రముఖుల వివరాలుండే 'హూ ఈజ్ హూ ఇన్ అమెరికా' తిరగేస్తే విల్సన్ వివరాల కింద ఆవిడ పేరు దొరికిందని నోవాక్ సమర్థించుకున్నారు. అచ్చుకు ముందు సీఐఏ ప్రతినిధికి ఫోన్ చేశారు. ఆవిడ పేరు వాడొద్దని ఆయన చెప్పారు. అంత గట్టిగా చెప్పలేదు కదా అన్నారు నోవాక్.

నోవాక్‌కు చెప్పిన ఆ ఇద్దరిలో ఒకరైన, అధ్యక్షుడు బుష్ కుడిభుజం కార్ల్ రోవ్ తరఫు వాదన కూడా ఇదే: 'పేరు నా నోట రాలేదు.' మన ఊళ్లలో ఇప్పటికీ ఆడవాళ్లను ఫలానా వాళ్లావిడ అనే అంటారు. అలా అన్నంత మాత్రాన ఆవిడ ఎవరో ఊళ్లో తెలియకుండా పోతుందా?

కథ మొదలైంది నైజర్‌లో. నైజీరియా కాదు, దాని నెత్తిన ఉండే ఎడారి దేశం. పంటలు అంతంతమాత్రం, నేల కింద మాత్రం యురేనియం. ఆ దేశం నుంచి సద్దాం హుస్సేన్ ఏడాదికి 500 టన్నుల 'ఎల్లోకేక్', అంటే కొద్దిగా శుద్ధి చేసిన యురేనియం ఖనిజం, కొనబోతున్నాడని ఇటలీ వైపు నుంచి కబురొచ్చింది. సంగతేమిటని ఉపాధ్యక్షుడు డిక్ చెనీ ఆరా తీశారు. 2002 ఫిబ్రవరిలో సీఐఏ విల్సన్‌ను నైజర్ రాజధాని నియామే పంపింది. దారిఖర్చులిచ్చారు, జీతం లేదు. ఆఫ్రికా ఆయనకు కొట్టినపిండి. పైగా 1990లో బాగ్దాద్ ఎంబసీకి పెద్దదిక్కుగా ఉన్నప్పుడు, విదేశీయులకు ఆశ్రయమిస్తే ఉరేనని సద్దాం ప్రభుత్వం బెదిరిస్తే, తనే ఉరితాడు మెడలో వేసుకుని విలేఖరుల ముందుకొచ్చిన మొండిఘటం. నియామేలో ఎనిమిది రోజులు పుదీనా టీ తాగుతూ మాజీ మంత్రుల్నీ, గనుల సంగతి తెలిసినవాళ్లనీ కలిశారు. గనుల్లో విదేశీ కంపెనీల వాటాలున్నాయి, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కన్నుంది, అంత సరుకు ఎవరి కంటా పడకుండా దాటించడం అయ్యే పని కాదని తిరిగొచ్చి చెప్పారు.

అయినా 2003 జనవరి 28న బుష్ తన వార్షిక ప్రసంగంలో బ్రిటన్ పేరు చెప్పి ఆఫ్రికా యురేనియం ముచ్చట దొర్లించారు. ఇంగ్లిష్‌లో 16 పదాల వాక్యం. మార్చి 7న అణుశక్తి సంస్థ అధిపతి ఎల్‌బరాదీ ఆ యురేనియం ఒప్పందానివని చెబుతున్న కాగితాలు దొంగవని భద్రతామండలిలో తేల్చిచెప్పారు. 2000 సంవత్సరం తేదీ వేసిన ఉత్తరం మీద 1989లోనే పదవి పోయిన మంత్రి సంతకం ఉంది! మన రిజిస్ట్రార్ ఆఫీసు ముందు చెట్టుకింద కూర్చుని దొంగ దస్తావేజు పుట్టించేవాడు కూడా ఇంతకంటే జాగ్రత్త పడతాడు. రెండు వారాలు తిరక్కముందే బాగ్దాద్ మీద బాంబులు పడ్డాయి. జులై 6న, నైజర్ వెళ్లి తను తెలుసుకున్నది చెబుతూ విల్సన్ వ్యాసం వచ్చింది. మర్నాడే, ఆ వాక్యం ప్రసంగంలో ఉండాల్సింది కాదని వైట్‌హౌస్ ఒప్పుకోవాల్సొచ్చింది.

చెనీ ఆ వ్యాసాన్ని కత్తిరించి దగ్గర పెట్టుకున్నారు. ఆ కత్తిరింపు తర్వాత కోర్టుకెక్కింది. పైన ఖాళీలో ఆయన చేతిరాత ప్రశ్నలు: ఇలా ఒక రాయబారిని పంపడం ఎప్పుడైనా ఉందా? ఊరికే పనిచేసేవాళ్లను మనం పంపుతామా? లేకపోతే వాళ్లావిడ విహారయాత్రకు పంపిందా? నైజర్ ఎండల్లో జీతం లేకుండా ఎనిమిది రోజులు విహారయాత్ర ఎలా అవుతుందో నాకైతే తెలియదు. కానీ ఎత్తుగడ అర్థమవుతుంది. రాసినదాన్ని కాదనలేనప్పుడు రాసినవాణ్ని పెళ్లాం చాటు మనిషిగా చూపిస్తే సరిపోతుంది.

ఇక ఆ పెళ్లాం చేసే పనేమిటి? గూఢచారుల ముసుగులు రెండు రకాలు. ఎక్కువమంది ఎంబసీలో ఏదో గుమస్తా హోదాలో ఉంటారు. దొరికితే దౌత్య రక్షణ కాపాడుతుంది, విమానమెక్కించి పంపేస్తారు. రెండో రకం వ్యాపారులుగా, కన్సల్టెంట్లుగా తిరుగుతారు. దొరికితే వాళ్లు మావాళ్లేనని ఎవరూ అనరు. 1985లో సీఐఏలో చేరిన ప్లేమ్ ఈ రెండో రకం ముసుగులోనూ పనిచేశారు. అణ్వాయుధ సామగ్రి చేతులు మారకుండా చూసే విభాగం ఆవిడది. కాగితాల్లో మాత్రం బ్రూస్టర్ జెన్నింగ్స్ అండ్ అసోసియేట్స్ ఉద్యోగిని. ఆ కంపెనీ ఉత్త బోర్డు. 1999లో అల్ గోర్ ఎన్నికల నిధికి చందా ఇచ్చినప్పుడు ఉద్యోగం గడిలో ఆ పేరే రాశారు. అలాంటి చందాలు ఎవరైనా చూడగలిగే రికార్డు. 2003 అక్టోబరులో అదీ బయటికొచ్చింది.

అసలు నష్టం అక్కడుంది. ఆ కంపెనీ విజిటింగ్ కార్డుతో ఇంకెవరు ఏయే దేశాలు తిరిగారో, ఆ కార్డు పుచ్చుకున్న ఏ ఇంజినీరు, ఏ గుమస్తా తన దేశపు పోలీసుల కంట్లో పడ్డాడో మనకు తెలియదు. ఆ లెక్కను సీఐఏ బయటి ప్రపంచానికి చెప్పలేదు.

అదే జులై 8 ఉదయం. సెయింట్ రెజిస్ హోటల్లో బ్రేక్‌ఫాస్ట్ బల్ల దగ్గర ఇద్దరు కూర్చున్నారు. ఒకరు చెనీ దగ్గర చీఫ్ ఆఫ్ స్టాఫ్ లూయిస్ లిబ్బీ. అందరూ 'స్కూటర్' అంటారు. ఇంకొకరు న్యూయార్క్ టైమ్స్ విలేఖరి జూడిత్ మిల్లర్. విల్సన్ భార్య సంగతి ఆ మాటల్లో దొర్లింది. మామూలుగా లిబ్బీ చెప్పింది రాస్తే 'ఉన్నత ప్రభుత్వాధికారి' అని రాయాలి. ఆ రోజు ఆయన వేరేగా అడిగారు: 'మాజీ కాంగ్రెస్ సిబ్బంది' అని రాయండి. అబద్ధం కాదు, ఒకప్పుడు ఆయన అక్కడా పనిచేశారు. మిల్లర్ సరేనన్నారు. వైట్‌హౌస్ గదుల్లోంచి వచ్చిన దెబ్బ, దారినపోయే ఓ మాజీ ఉద్యోగి విసిరిన రాయిలా కనిపించేదన్నమాట.

తెలుగు పత్రికల్లో 'విశ్వసనీయ వర్గాల భోగట్టా' అని చదువుతూ పెరిగిన మనకు ఈ వర్గాలేమిటో ఎప్పుడూ కుతూహలమే. ఉద్యోగం పోతుందని భయపడుతూ పైవాడి అవినీతి చెప్పే గుమస్తా కోసం పుట్టిన ఏర్పాటిది. సెయింట్ రెజిస్‌లో ఆ గొడుగు కింద నిలబడింది ఉపాధ్యక్షుడి మనిషి. వానలో తడుస్తున్నది ఎవరో చెప్పక్కర్లేదు.

మిల్లర్ సామాన్యురాలు కాదు. సద్దాం దగ్గర మారణాయుధాలున్నాయని యుద్ధానికి ముందు మొదటి పేజీలో రాసినవాళ్లలో ముఖ్యురాలు. ఆ కథనాల్లో లోపాలున్నాయని 2004 మేలో ఆ పత్రికే పాఠకులకు సంజాయిషీ ఇచ్చుకుంది. అలాంటి మనిషి 2005 జులై 6న పత్రికా స్వేచ్ఛ పేరిట జైలుకెళ్లారు. లీకుపై దర్యాప్తు చేస్తున్న స్పెషల్ కౌన్సెల్ పాట్రిక్ ఫిట్జ్‌జెరాల్డ్ మీకు చెప్పిందెవరని అడిగితే, మిల్లర్ నోరు విప్పలేదు. నేరం జరిగిందా అని విచారించే గ్రాండ్ జ్యూరీ అడిగితే విలేఖరికి ప్రత్యేక రక్షణ లేదని 1972లోనే సుప్రీంకోర్టు చెప్పింది. టైమ్ పత్రిక, ఇదే ప్రశ్న ఎదుర్కొన్న తన విలేఖరి మాథ్యూ కూపర్ నోట్సు అప్పగించేసింది. (మనవాళ్లు గర్వపడేదేమీ లేదు. మన 1978 ప్రెస్ కౌన్సిల్ చట్టంలో సోర్సు చెప్పనక్కర్లేదన్న రక్షణ ఉంది గానీ, అది కౌన్సిల్ ముందు మాత్రమే పనికొస్తుంది.)

జైల్లో 85 రోజులు. మధ్యలో లిబ్బీ నుంచి ఉత్తరం: నేను అనుమతిస్తున్నా, మాట్లాడండి. చివర్లో పశ్చిమాన ఆస్పెన్ చెట్ల ఆకులు రంగు మారుతుంటాయని, వాటి వేళ్లు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయని కవిత్వం. సాక్ష్యాలు కలవాలని సంకేతమా, శరదృతువు మీద ప్రేమా అని వాషింగ్టన్ వారాల తరబడి తల గోక్కుంది. మిల్లర్ బయటికొచ్చి సాక్ష్యం చెప్పారు. ఆవిడ నోట్సులో ఆ పేరు 'వాలరీ ఫ్లేమ్' అని ఉంది. ఎవరు చెబితే రాసుకున్నారో గుర్తులేదన్నారు. నవంబరుకల్లా పత్రికలో ఉద్యోగమూ లేదు.

మిగతా పెద్దల సంగతి ఇంకా చిత్రం. వాటర్‌గేట్ వీరుడు బాబ్ వుడ్‌వర్డ్‌కు ఈ సంగతి విలేఖరులందరికంటే ముందు, 2003 జూన్‌లోనే తెలుసు. రెండేళ్లకు పైగా సొంత ఎడిటర్‌కు కూడా చెప్పకుండా, టీవీల్లో కూర్చుని ఆ దర్యాప్తునే తేలిక చేశారు. తర్వాత ఎడిటర్‌కు క్షమాపణ చెప్పుకున్నారు. ఎన్‌బీసీ టీవీ విలేఖరి టిమ్ రస్సర్ట్ ఎఫ్‌బీఐ ఫోన్ చేస్తే అంతా చెప్పేసి, తర్వాత సమన్లు వస్తే విలేఖరి హక్కంటూ కోర్టులో పోరాడారు. వైట్‌హౌస్ ప్రతినిధి స్కాట్ మెక్‌క్లెలన్ రోవ్‌కూ, లిబ్బీకీ సంబంధం లేదని పోడియం నుంచి హామీ ఇచ్చారు. అది అబద్ధమని తేలినప్పుడు అదే పోడియం మీద నిలబడి తిట్లు తిన్నారు.

వుడ్‌వర్డ్‌కూ, నోవాక్‌కూ ముందుగా చెప్పింది ఒక్కరే: విదేశాంగ శాఖలో రెండో స్థానంలో ఉన్న రిచర్డ్ ఆర్మిటేజ్. చెనీ శిబిరం మనిషి కాదు, యుద్ధమంటే అంత ఉత్సాహమూ లేదు. వట్టి కబుర్లరాయుడు. 2003 అక్టోబరులోనే దర్యాప్తు అధికారుల దగ్గర ఒప్పుకున్నారు, దేశానికి తెలిసింది 2006లో. చూశారా, కుట్రా లేదు గిట్రా లేదని బుష్ అభిమానులు చంకలు గుద్దుకున్నారు. నాకు రెండూ నిజమనిపిస్తుంది. ఒక గదిలో నోరాగక జారిన మాటను, ఇంకో గదిలో పని పెట్టుకుని పంచారు. విల్సన్ కూడా కడిగిన ముత్యమేమీ కాదు. ప్రయాణంలో భార్య ప్రమేయం లేదని ఆయన కొట్టిపారేశారు. ఆయన పేరు సూచించింది ఆవిడేనని 2004లో సెనేట్ కమిటీ నివేదిక రాసింది. ఆవిడ కాదన్నారు. ఎవరు సూచించినా, ఆ దొంగ కాగితాలు నిజమైపోవు కదా.

లీకు చేసినందుకు ఎవరినీ బోనెక్కించలేకపోయారు. 1975లో ఏథెన్స్‌లో సీఐఏ అధికారి రిచర్డ్ వెల్చ్ హత్య జరిగాక, పేర్లు బయటపెట్టేవాళ్లను పట్టడానికి 1982లో చట్టం తెచ్చారు. కానీ ఆ మనిషి రహస్య అధికారి అనీ, ప్రభుత్వం ఆ సంగతి దాస్తోందనీ తెలిసే చెప్పాడని రుజువు చేయాలి. అంపైర్ కళ్లలో ఇసుక కొడితే ఏం జరిగిందో ఆయనెలా చెబుతాడని ఫిట్జ్‌జెరాల్డ్ వాపోయారు. ఆ ఇసుక కొట్టినందుకే, అంటే దర్యాప్తులో అబద్ధాలాడినందుకు, 2007 మార్చి 6న లిబ్బీ దోషి అని తేలింది. శిక్ష 30 నెలలు, 2,50,000 డాలర్ల జరిమానా. జైలు గేటు దాటకముందే బుష్ జైలుశిక్ష మాత్రం తీసేశారు. 2018లో ట్రంప్ పూర్తి క్షమాభిక్ష పెట్టారు.

ఆ 1982 చట్టం కింద తర్వాత దొరికింది జాన్ కిరియాకూ. ఖైదీలను నీటితో ఉక్కిరిబిక్కిరి చేసే పద్ధతి గురించి టీవీలో మాట్లాడిన మాజీ సీఐఏ అధికారి. ఒక రహస్య అధికారి పేరు విలేఖరికి చెప్పినట్టు ఒప్పుకున్నారు. ఆ విలేఖరి అచ్చు వేయలేదు. 2013లో శిక్ష: 30 నెలలు. ఈయన కోసం ఎవరి కలమూ కదల్లేదు. దాదాపు రెండేళ్లు లోపలే ఉన్నారు.

ప్లేమ్ సీఐఏ వదిలి, కవల పిల్లలతో, భర్తతో శాంటా ఫే చేరారు. 2007లో 'ఫెయిర్ గేమ్' అనే పుస్తకం రాశారు. రాతప్రతిని ముందు సీఐఏకు చూపించాలి కదా, చూపించారు. 2002కు ముందు ఆవిడ తమ దగ్గర పనిచేసినట్టు ఎక్కడా ఉండకూడదన్నారు వాళ్లు. ఆవిడ ఎన్నేళ్లు చేశారో చెబుతూ ఆ సంస్థే పింఛను గురించి రాసిన మామూలు ఉత్తరం ఒకటి ఉంది. అప్పటికే కాంగ్రెస్ రికార్డులో అచ్చయింది, ఎవరైనా తీసి చదువుకోవచ్చు. అయినా కుదరదన్నారు. ఆవిడ కోర్టుకెళ్లారు. 2009లో అప్పీలు కోర్టు కూడా సంస్థ పక్షమే తీర్పిచ్చింది. సీఐఏ కొట్టేయించిన చోట్లను ప్రచురణకర్తలు అలాగే ముద్రించారు: పేరా మధ్యలో పట్టీలు, కొన్నిచోట్ల పేజీ నిండా పట్టీలే. వాటి కింద ఏముందో పాఠకుడికి తెలియాలని, బయటి రికార్డుల నుంచి ఏరి, పుస్తకం చివర వేరే విలేఖరి చేత ఒక అనుబంధం రాయించారు.