చెరువు బాగుచేసే ముందు ఊరిని అడగాలి



సైన్సు పీరియడ్‌లో చిత్తడి నేలల గురించి విన్నప్పుడు అవి ఎక్కడో సముద్రం పక్కన ఉంటాయని నేను అనుకున్నాను. కానీ ఏడాదిలో కొన్ని నెలలైనా నీళ్ళు నిలిచి, చేపలు, తుంగ, కలువలు, కొంగలు బతికే చోటు ఏదైనా చిత్తడి నేలే అట. మనుషులు కట్టుకున్నదైనా సరే. అంటే మా ఊరి కుంట కూడా చిత్తడి నేలే! మీ ఊరి చెరువు కూడా. 1971లో ఇరాన్ దేశంలోని రామ్‌సర్ అనే ఊళ్ళో చాలా దేశాలు కూడి వీటిని కాపాడాలని ఒప్పందం చేసుకున్నాయి. ఆ రోజు గుర్తుగా ఫిబ్రవరి 2న ప్రపంచ చిత్తడి నేలల దినం జరుపుతారు.

చెరువు ఎట్లా చెడిపోతుంది?

చెరువు అంటే నీళ్ళు ఒక్కటే కాదు. నీళ్ళు వచ్చే కాలువలు, ఆపే కట్ట, పొలానికి వదిలే తూము, ఎక్కువైన నీళ్ళు పోయే మత్తడి, నీళ్ళు నిలిచే శిఖం, కింద పారే ఆయకట్టు - ఇవన్నీ కలిస్తేనే చెరువు. వాన నీళ్ళతో పాటు మట్టి కొట్టుకొచ్చి అడుగున పేరుకుంటుంది. దాన్నే పూడిక అంటారు. పూడిక పెరిగితే నీళ్ళు పట్టవు. కాలువ మూసుకుపోతే నీళ్ళే రావు. శిఖంలో ఎవరైనా దున్నుకుంటే చెరువు చిన్నదైపోతుంది. గుర్రపు డెక్క అల్లుకుంటే నీళ్ళకు గాలి, వెలుతురు అందక చేపలు చస్తాయి.

మన కాలనీ చుట్టూ ఉన్న ఓసీలు మీకు తెలుసు కదా. బొగ్గు కోసం లోతుకు తవ్విన కొద్దీ చుట్టుపక్కల భూమిలోని నీళ్ళు ఆ గుంత వైపు ఊరుతాయి. వాటిని మోటార్లతో తోడితేనే పని నడుస్తుంది. ఇట్లాంటి చోట బావులు, చెరువులు ఎందుకు తగ్గుతున్నాయో తెలియాలంటే పై నుంచి చూస్తే చాలదు. భూమి లోపలి సంగతి కూడా చూడాలి.

మా ఊరి కుంట

మాది ములుగు వైపు అడవిలో చిన్న కోయపల్లె. మా కుంటలో వేసవి దాకా బర్లకు నీళ్ళుండేవి. రెండేళ్ళ కింద ఎండాకాలం సెలవుల్లో పూడిక తీసే పని వచ్చింది. అందరం సంబరపడ్డాము. ఒక కాగితం తెచ్చి మా నాయినతో, ఇంకొందరితో వేలిముద్ర వేయించుకున్నారు. మా ఇంట్లో చదువు వచ్చింది నాకొక్కదానికే. "ఏమున్నదో చదువు బిడ్డా" అన్నడు నాయిన. నేను గడగడ చదివేశాను. అందులో పూడిక తీసే లోతు మీటర్లలో రాసి ఉంది. మీటరు అంటే ఎంతో అక్కడ ఎవరికీ తెలియదు. నేను చెప్పలేదు, ఎవరూ నన్ను అడగలేదు. బాగా చదివినందుకు అందరూ మెచ్చుకున్నారు. నేను పొంగిపోయాను.

మిషను వచ్చి కట్ట దగ్గర తవ్వడం మొదలుపెట్టింది. తూము తీసే తాత పరుగెత్తుకొచ్చి, "ఇక్కడ లోతు తవ్వద్దు బిడ్డా, నల్లమట్టి పోతే కింద మొరమే. నీళ్ళు నిలువయి" అన్నడు. కాగితంలో ఉన్నంత లోతు తవ్వాలి అన్నారు వాళ్ళు. తాత మాట నిజమైంది. కుంట అడుగున సన్నటి బంకమట్టి కుండ అడుగులాగా నీళ్ళను ఆపుతుంది. అది పోతే నీళ్ళు మొరంలోకి ఇంకిపోతాయి. ఆ ఏడు వానలు బాగానే పడ్డాయి. అయినా సంక్రాంతికే కుంట ఎండింది. మా అమ్మ వాగు దాకా బర్లను తోలుకపోతున్నది.

తాతను కాగితం రాయకముందు అడిగి ఉంటే? నేను ఆ రోజు మీటరు అంటే రెండు మూరలకు కొంచెం ఎక్కువ అని చెప్పి ఉంటే? నాయిన అప్పుడే తాతను పిలిచేవాడు. చదవడం వేరు, చదివింది అర్థమయ్యేట్టు చెప్పడం వేరు అని నాకు ఆలస్యంగా తెలిసింది.

రెండు పెద్ద సరస్సులు

ఇది మా ఊరి సంగతే కాదు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ కొల్లేరు ఉంది. చేపల చెరువులు పెరిగి సరస్సు చిక్కిపోయింది. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ప్రభుత్వం యంత్రాలతో చేపల చెరువుల గట్లు కొట్టించింది. సరస్సును కాపాడాలనే ఆలోచన మంచిదే. కానీ ఆ చెరువుల మీద బతికే పేదవాళ్ళు రేపటి నుంచి ఏం తినాలి అన్న ప్రశ్న మిగిలిపోయింది. తరువాత కొన్నిచోట్ల గట్లు మళ్ళీ లేచాయి.

ఒడిశాలో చిలికా సరస్సు ఉంది. సముద్రం నీళ్ళు వచ్చే దారి పూడిపోయి చేపలు తగ్గాయి. 1993లో దాన్ని ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాలో రాశారు. 2000లో సముద్రానికి కొత్త దారి తెరిచారు. ఆ పనిలో చుట్టూ ఉన్న ఊళ్ళ వాళ్ళను కూడా కలుపుకున్నారు. చేపలు పెరిగాయి. 2002లో ఆ జాబితా నుంచి చిలికా పేరు తీసేశారు, రామ్‌సర్ అవార్డు కూడా వచ్చింది.

మన తెలంగాణలో 2015 మార్చి 12న సదాశివనగర్‌లో మిషన్ కాకతీయ మొదలైంది. 46,531 చెరువులు, కుంటలు బాగుచేయాలని లెక్క వేశారు. తవ్వే ఖర్చు ప్రభుత్వానిది, మట్టి తోలుకునే ఖర్చు రైతుది. పూడిక మట్టి పొలానికి బలం కాబట్టి రైతులు ట్రాక్టర్లు పెట్టుకొని మరీ తోలుకున్నారు. తనకు లాభం కనిపిస్తే ఊరు తనంతట తానే కదులుతుంది అని దీని వల్ల తెలుస్తుంది. కానీ మట్టి మోయడానికి పిలిస్తే సరిపోదు. ఎక్కడ తవ్వాలి, ఎంత తవ్వాలి అని ఆలోచించేటప్పుడే పిలవాలి.

చట్టం ఏమంటున్నది?

షెడ్యూల్డు ప్రాంతాల కోసం 1996లో పెసా చట్టం వచ్చింది. దాని ప్రకారం ఊళ్ళో పంచాయతీ చేసే అభివృద్ధి పనుల ప్రణాళికను పని మొదలు కాకముందే గ్రామసభ ఒప్పుకోవాలి. చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకే అప్పగించాలి. కాబట్టి మనం అడగడం గొడవ కాదు, మన హక్కు.

ఎవరిని ఏం అడగాలి?

1. తూము తీసేవాళ్ళను: ఎక్కడ బంకమట్టి ఉంది, ఎక్కడ మొరం ఉంది, కట్ట ఎక్కడ కారుతుంది?
2. పశువులు కాసేవాళ్ళను: బర్లు ఏ వైపు దిగుతాయి? అక్కడ నిలువు గుంత తీయకూడదు.
3. చేపలు పట్టేవాళ్ళను: కొర్రమట్టలు ఎక్కడ గుడ్లు పెడతాయి? ఎండాకాలం చేపలు దాగే మడుగు ఏది?
4. ఆడవాళ్ళను: బట్టలు ఎక్కడ ఉతుకుతారు, కలువ దుంపలు, కూరాకు ఎక్కడ ఏరుతారు? సభలో వెనక కూర్చుంటారు కాబట్టి వీళ్ళను ముందే అడగాలి.
5. శిఖంలో సాగు చేసే పేదవాళ్ళను: ఖాళీ చేస్తే వాళ్ళకు బతుకు ఎట్లా?
6. ముసలివాళ్ళను: ముందట నీళ్ళు ఏ దారిన వచ్చేవి, ఆ దారి ఇప్పుడు ఎక్కడ మూసుకుంది?

ఇంజనీరు గారికి కొలతలు తెలుసు. ఊరికి కుంట అలవాట్లు తెలుసు. రెండూ కలవాలి. అందరి మాటా ఒకటే ఉండదు. పొలం వాళ్ళు తూము తెరవమంటారు, చేపల వాళ్ళు మూయమంటారు. అందుకే ఒక చోట కూర్చోవాలి.

మనం ఏం చేయగలం?

మనం పిల్లలమే. అయినా మన ఇళ్ళల్లో కాగితం చదవగలిగేది మనమే. సెలవులకు పోయినప్పుడు ముగ్గుపిండితో నేల మీద చెరువు బొమ్మ గీయండి. కట్టకు పుల్లలు, నీళ్ళు వచ్చే దారికి ఆకులు పెట్టండి. అక్షరం రాని వాళ్ళు కూడా ఆ బొమ్మ చుట్టూ కూర్చొని "ఇట్ల కాదు, అట్ల" అని చెబుతారు. వాళ్ళు చెప్పింది నోటుబుక్కులో రాసి సభలో చదవండి. ఏ కాగితం వచ్చినా మీటర్లను మూరల్లోకి మార్చి, నెమ్మదిగా, రెండుసార్లు చదవండి. తెలియని మాట ఉంటే తెలియదు అనండి. తెలుసుకున్న తరువాతే వేలిముద్ర.

నేను సంక్రాంతి సెలవులకు ఊరికి పోతున్నాను. కుంట అడుగున మళ్ళీ బంకమట్టి పరిచి తొక్కిస్తే నీళ్ళు నిలుస్తాయేమో అని తాతను అడుగుతాను. తాత ఏం చెప్పిండో వచ్చే సంచికలో రాస్తాను.

- 9వ తరగతి విద్యార్థిని