వాకిట్లో కూలబడ్డ బండి

2023 రాఖీ పున్నమి పొద్దున. మా షోలాపూర్‌లో మార్కండేయ రథం కదిలే రోజు. వచ్చిన చుట్టాలందరినీ ఒకే బండిలో గుడికాడికి తీసుకుపోదామని తయారై బయటికి వస్తే, మా ఏడు సీట్ల పెద్ద బండి ముందరి కుడి చక్రం మీద కూలబడి ఉంది. మోకాలు విరిగిన ఎద్దు లెక్క. చూస్తే టైరులో గాలి నిండుగానే ఉంది. స్టార్ట్ చేస్తే కింద నుంచి గుర్రుమని చప్పుడు, లోపల పసుపు దీపం. రథానికి అందరం రెండు ఆటోల్లో పోయాం. బాపు మాత్రం ఇంటికాడే ఆగి ఆ బండి చుట్టూ తిరుగుతున్నాడు.

ఇప్పుడు ఈ ముచ్చట ఎందుకంటే, మొన్న మా గల్లీ పిల్లలిద్దరు వచ్చి, "అన్నా, పుణెలో అసొంటిదే పదిహేను లక్షలకు వస్తుందట, కొత్త చిన్న కారు ధరకే" అన్నారు. నేనూ ఆ మాటకే పడిపోయాను. బండి ఏ కంపెనీదో, ఏ దుకాణంలో కొన్నానో రాయను. లెక్క మాత్రం దాచను.

నాకు ఎనిమిది మగ్గాల టవల్ కార్ఖానా ఉంది. రెండు రేపియర్ మగ్గాలకు బయానా కట్టాలని ఆరేళ్లు కూడబెట్టిన పైసలు అవి. 2022 అక్టోబర్‌లో ఆ పైసలు 13 లక్షల 50 వేలు పోసి ఈ జర్మన్ డీజిల్ బండి తెచ్చాను. ఎనిమిదేళ్ల పాతది, ఢిల్లీ నంబరు. కొత్తగా 70 లక్షలు దాటిన బండి. "పప్పా, మన గల్లీల ఎవ్వరికీ లేదు" అన్నాడు కొడుకు. నా భార్య ఏమీ అనలేదు, రేపియర్ కంపెనీ కాగితాలు మడిచి అల్మారీలో పెట్టింది.

ఢిల్లీ బండ్లు అప్పట్లో చవగ్గా ఎందుకొచ్చేవో తర్వాత తెలిసింది. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండి తిరగొద్దన్న ఉత్తర్వును 2018లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. దాంతో ఎనిమిది, తొమ్మిదేళ్లకే అమ్ముకునేవాళ్లు, అవి ఇటు దిగేవి. వేరే రాష్ట్రం బండి 12 నెలలకు మించి ఇక్కడ ఉంటే మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి, ఇక్కడి రోడ్డు ట్యాక్స్ కట్టాలి. అన్నీ కలిపి 1 లక్ష 40 వేలు. దుకాణంవాడు ఈ మాట ఎత్తలేదు, నేను అడగలేదు.

ఇన్సూరెన్సులో థర్డ్ పార్టీ వరకు 1500 సీసీ దాటిన ఏ కారుకైనా ఒక్కటే, 2022 జూన్ నుంచి 7,897 రూపాయలు. అసలు బరువు సొంత నష్టం పాలసీది. రెండేళ్లకు మొత్తం 87 వేలు కట్టాను. అరుగుదలకు మాత్రం అందులో నుంచి పైసా రాదు. నాకు పోయినవన్నీ అరుగుదల సామాన్లే.

ఇక ఆ కూలబడటం సంగతి. మామూలు కారుకు ఇనుప స్ప్రింగులుంటాయి. ఇలాంటి వాటిలో చాలా బండ్లకు వాటి జాగాలో రబ్బరు తిత్తులు ఉంటాయి. చిన్న కంప్రెసర్ వాటిలోకి గాలి కొడుతుంది. అందుకే గుంతల్లో కూడా పల్లకిలో కూర్చున్నట్టు పోతుంది, అబద్ధం చెప్పొద్దు. కాని రబ్బరుకు వయసొస్తే మడతల కాడ వెంట్రుకంత పగుళ్లు పడతాయి. రాత్రంతా సన్నగా గాలి పోతుంది, పొద్దున్నకు బండి ఒరుగుతుంది.

షోలాపూర్‌లో ఆ కంపెనీ సర్వీస్ లేదు. లారీ మీద ఎక్కించి 250 కిలోమీటర్లు పుణెకు పంపితే ఆ ఖర్చే 16 వేలు. కంప్రెసర్ కాలిపోయిందన్నారు, కొత్తది వేశారు, 62 వేలు. ఐదు నెలలకు అదీ కాలిపోయింది. వారంటీ అడిగితే, వేరేచోట లీకు ఉంది కాబట్టి వర్తించదన్నారు.

మా బాపు మిల్లులో స్పిన్నింగ్ ఖాతా ఫిట్టరు. మిల్లు మూతపడి ఎన్నేళ్లయినా చెవి మాత్రం మెషీన్ల కాడనే ఉంటుంది. "మోటరు కాలిందంటే మోటరుది తప్పు కాదురా. దానికి దమ్ము తీసుకోనిస్తలేదు ఏదో" అన్నాడు. గిన్నెలో సబ్బు నీళ్లు కలిపి, పాత గుడ్డతో ముందరి తిత్తుల మీద అద్దాడు. కుడి తిత్తి మడతలో బుడగలు లేచాయి. కాసేపటికి ఎడమదాని మీద కూడా. సైకిల్ ట్యూబు పంక్చరు చూసినట్టే! పోయే గాలిని నింపడానికి కంప్రెసర్ ఆగకుండా తిరిగి తిరిగి వేడెక్కి కాలిపోతోంది. తిత్తి మార్చకుండా ఎన్ని కంప్రెసర్లు వేసినా అంతే. పది రూపాయల సబ్బుతో తేలే సంగతికి నేను అరవై రెండు వేలు కట్టి వచ్చాను. ఆ రోజు బాపు ముఖం చూడలేకపోయాను.

రెండు తిత్తులు 1 లక్ష 30 వేలు. రెండో కంప్రెసర్ మాత్రం కంపెనీ గుర్తు లేని డబ్బాలో 48 వేలకు దొరికింది. తర్వాత నాలుగు టైర్లు 1 లక్ష 10 వేలు, గేరుబాక్సు ఆయిలూ ఫిల్టరూ 38 వేలు, బ్యాటరీ 24 వేలు. ఆ బ్యాటరీ పెట్టాక కూడా కంప్యూటర్‌తో బండికి తెలపాలట. మామూలు సర్వీసు రెండుసార్లు, 56 వేలు.

బండి ధర పడిపోతుంది గాని దాని సామాన్ల ధర పడదు. మనం కట్టింది పదమూడు లక్షలే అయినా, మేత 70 లక్షల బండి మేతే. నాకు అర్థం కానిది ఇదొక్కటే.

కొనేముందు చేయాల్సిన పని ఒకటుంది, నేను చేయలేదు. ఛాసిస్ నంబరు పట్టుకొని కంపెనీ సర్వీసు సెంటర్‌లో పాత రికార్డు అడగాలి. కొన్నప్పుడు మీటరు 68 వేలు చూపింది. ఏడాది తర్వాత రికార్డు తీయిస్తే 2020లోనే 1 లక్ష 12 వేల కిలోమీటర్లు తిరిగిందని ఉంది. అమ్మేవాడు రికార్డు చూడనివ్వకుంటే అక్కడి నుంచే వెనక్కి రండి. ఇంకోటి, బండిని రాత్రంతా చదును నేల మీద నిలపమని చెప్పి పొద్దున్నే పోయి చూడండి, నాలుగు మూలలూ ఒకే ఎత్తులో ఉన్నాయా అని. ఇంజన్ చల్లగా ఉండగానే మీ చేత్తో స్టార్ట్ చేయండి. ముందే వేడి చేసి పెడితే అనుమానపడండి. గొలుసు సాగితే చల్లటి ఇంజన్‌లోనే గలగల వినిపిస్తుంది. కొన్ని ఇంజన్లలో ఆ గొలుసు గేరుబాక్సు వైపు ఉంటుంది, దాన్ని మార్చాలంటే గేరుబాక్సో ఇంజనో దించాల్సిందే. నా బండికి ఆ గతి పట్టలేదు.

2024 ఆగస్టులో 7 లక్షల 75 వేలకు అమ్మేశాను. కొన్నవాడు కర్ణాటక మనిషి. మీటరు సంగతి, తిత్తుల సంగతి అన్నీ చెప్పాను. చెప్పినందుకు ఇరవై అయిదు వేలు తగ్గించమన్నాడు, తగ్గించాను. పక్కింటి మామ నన్ను పిచ్చోడివన్నాడు.

22 నెలలు, 14 వేల కిలోమీటర్లు. ట్యాక్సూ మరమ్మతులూ అన్నీ కలిపి 7 లక్షల 11 వేలు. అమ్మిన ధర తీసేసినా డీజిల్ కాకుండా నికరంగా పోయింది 12 లక్షల 86 వేలు. నెలకు 58 వేలకు పైనే. అంటే నా కార్ఖానాలో ముగ్గురి కూలి.

రేపియర్ మగ్గాలు ఇంకా రాలేదు. కాగితాలు అల్మారీలోనే ఉన్నాయి, అందులోని ధర మాత్రం ఇప్పుడు చెల్లదట. బండి నిలిపిన జాగాలో నూలు బీములు పెడుతున్నాం.