ఉజ్జీవం ఎవరితో మొదలవ్వాలి?

మన సంఘాల్లో ఉజ్జీవ కూడికలకు కొదువ లేదు. పందిళ్లు వేస్తాం, మైకులు కడతాం, మూడు రోజులు పండుగలా గడుపుతాం. నాలుగో రోజుకు సంఘం మళ్లీ పాత స్థితిలోనే ఉంటుంది. ఇందుకు విశ్వాసులను నిందించే ముందు కాపరులు, సంఘ పెద్దలు హిజ్కియా రాజు చరిత్రను ఒకసారి శ్రద్ధగా చదవాలి.

తండ్రి ఆహాజు మూయించిన దేవాలయపు తలుపులను హిజ్కియా తన యేలుబడి మొదటి సంవత్సరం మొదటి నెలలోనే తెరిపించాడు. అయితే ఆయన ముందుగా పిలిచింది ప్రజలను కాదు, యాజకులను, లేవీయులను! ముందు తమను తాము ప్రతిష్ఠించుకొని, ఆ తర్వాత మందిరాన్ని శుద్ధి చేయమన్నాడు (2 దినవృత్తాంతములు 29:5). యాజకులు లోపలి అపవిత్రతనంతా బయటికి తెస్తే లేవీయులు దాన్ని కిద్రోను వాగులో పారవేశారు. ఆ పని మొదటి నెల 16వ దినానికి గాని ముగియలేదు. పస్కా ఆచరించాల్సింది 14వ దినాన! పైగా తమను ప్రతిష్ఠించుకున్న యాజకులు చాలినంతమంది లేరు. అందువల్ల ఆ సంవత్సరం పస్కా పండుగ ఒక నెల వాయిదా పడింది (30:2,3). సేవకులు సిద్ధపడకపోవడం వల్ల కూడా ఆగిన పండుగ అది. చివరికి యాజకులు సిగ్గుపడి తమను ప్రతిష్ఠించుకున్నారు. అప్పుడు యెరూషలేములో సొలొమోను కాలం తర్వాత ఎన్నడూ లేనంత ఆనందం కలిగింది.

కొరియాలోనూ ఇదే జరిగింది. 1903లో వొన్సాన్ పట్టణంలో రాబర్ట్ హార్డీ అనే కెనడా మిషనరీ తన సేవ ఫలించకపోవడానికి తన గర్వమూ, అవిశ్వాసమే కారణమని తోటి మిషనరీల ఎదుట, ఆ తర్వాత కొరియా విశ్వాసుల ఎదుట ఒప్పుకున్నాడు. తాను బోధించిన వారి ముందే బోధకుడు తలవంచాడు. 1907 జనవరిలో ప్యాంగ్యాంగ్ నగరంలోని చర్చిలో సంఘపెద్ద కిల్ సన్ జూ లేచి, తాను ఆకానువంటివాడినన్నాడు. చనిపోతున్న మిత్రుడు తన ఆస్తి వ్యవహారం చక్కబెట్టమని అప్పగిస్తే, అందులో కొంత సొమ్ము కాజేశానని, దాన్ని ఆ మిత్రుని భార్యకు తిరిగి ఇచ్చేస్తానని చెప్పాడు. ఆ ఒప్పుకోలుతో ఆరాధనలో అడ్డు తొలగింది. ఒకరి తర్వాత ఒకరు పాపాలు ఒప్పుకున్నారు. ఆ తర్వాతి రోజుల్లో దొంగిలించిన వస్తువులు యజమానులకు చేరాయి, పాత బాకీలు తీరాయి. అదే సంవత్సరం సెప్టెంబరులో పాస్టర్లుగా అభిషేకం పొందిన తొలి ఏడుగురు కొరియా ప్రెస్బిటేరియన్లలో కిల్ కూడా ఒకరు. ఒప్పుకోలు ఆయన సేవను పాడుచేయలేదు, స్థిరపరిచింది.

ఆకాను గుడారంలో పాతిపెట్టిన సొమ్ము ఇశ్రాయేలీయులందరినీ ఓడించింది (యెహోషువ 7). మరి మన గుడారాల సంగతేమిటి? సంఘం లెక్కలు సరిగ్గా ఉన్నాయా? పక్క సంఘపు కాపరితో ఏళ్ల తరబడి మాటలు ఎందుకు లేవు? పులిపీటం మీద కనిపించే భక్తి ఇంట్లో భార్యాబిడ్డలకు కనిపిస్తోందా? ఇవి వచ్చే కూడికల కరపత్రం అచ్చువేయకముందే సేవకుడు మోకాళ్లమీద జవాబు చెప్పుకోవాల్సిన ప్రశ్నలు. తీర్పు దేవుని ఇంటియొద్దనే ఆరంభమవుతుందని పేతురు హెచ్చరించాడు (1 పేతురు 4:17). ఉజ్జీవమూ అక్కడే ఆరంభం కావాలి!