నష్టం లెక్కలో లేని తట్ట

తుపాను వెలిశాక అధికారులు మత్స్యకార పల్లెకు వచ్చి నష్టం రాసుకుంటారు. విపత్తు సహాయ నిబంధనల్లో మత్స్యకారుల పద్దు కింద పడవ, వల, చేపపిల్లల చెరువు ఉన్నాయి. ఇసుక మీద ఆరబోసిన నెత్తళ్లు, రొయ్యపొట్టు వానకు తడిసి పురుగు పడితే మునిగేది ఆడమనిషి పెట్టుబడి. దానికి ఆ పద్దులో చోటు లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సాగే వేట నిషేధానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో ఇచ్చిన 20 వేల రూపాయల భృతి కూడా పడవెక్కే వాళ్ల పేరనే వచ్చింది. ఆ రెండు నెలలూ చేపల తట్ట ఖాళీగా ఉన్న మనిషిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

నష్టంలోనే లెక్కకు రానివాళ్లను రేపటి ఏర్పాట్ల గురించి ఎవరడుగుతారు?

అడగకపోతే ఏమవుతుందో 1991 బంగ్లాదేశ్ తుపాను చూపించింది. ఇరవై నుంచి నలభై నాలుగేళ్ల వయసువాళ్లలో మగవాళ్లు వెయ్యికి 15 మంది పోతే, ఆడవాళ్లు 71 మంది పోయారు. పిల్లల్ని, ముసలివాళ్లను వదిలి కదల్లేకపోవడం, మగవాళ్లతో కిక్కిరిసిన షెల్టర్లోకి వెళ్లడానికి జంకడం ఇందుకు కారణాల్లో కొన్ని. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన తర్వాత మన తీరంలోనూ షెల్టర్లు లేచాయి. మరుగుదొడ్డి ఎటువైపు ఉండాలి, నిండు గర్భిణి ఆ మెట్లు ఎక్కగలదా, పాడిగేదెను ఎక్కడ కట్టెయ్యాలి అన్నవి ప్లాను గీసేనాడే ఊరి ఆడవాళ్లను అడగాల్సిన ప్రశ్నలు.

అడిగి చేస్తే పని ఎలా ఉంటుందో చూడాలంటే గోదావరి, కృష్ణా మడ అడవులకు వెళ్లాలి. ఒకప్పుడు కలప కోసం మడను వరసగా నరికేశారు. నీడ పోయిన నేల ఎండి, కుంగి, గుంటలు పడింది. పోటు నీరు లోపలికి వస్తుంది గానీ ఆటుకు బయటికి పోదు. నిలిచిన నీరు ఎండకు ఆవిరై ఉప్పు పేరుకుంటుంది, ఇక ఎన్ని మొక్కలు నాటినా మాడిపోతాయి. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ ఇక్కడ చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వించింది: నడుమ పెద్దకాలువ, రెండు పక్కలా ఏటవాలుగా పిల్లకాలువలు. నీరు వచ్చి పోవడం మొదలయ్యాక గట్ల వెంట తెల్లమడ మళ్లీ నిలదొక్కుకుంది. ఈ పని అటవీశాఖతో పాటు ఊరి సంఘాలతో కలిసి సాగింది. వన సంరక్షణ సమితిలో ఇంటికి ఇద్దరు సభ్యులు, అందులో ఒకరు స్త్రీ అని నియమం. పుల్లలకూ పీతలకూ రోజూ అడవిలో తిరిగే మనిషికి ఏ గుంటలో నీరు నిలుస్తుందో తెలుస్తుంది. ఆ తెలివి పనికొచ్చేది కాలువ ఎక్కడ తవ్వాలో తేల్చే రోజునే. తవ్వడం మొదలయ్యాక పిలిస్తే ఆమె ఉత్త కూలీ.

కుర్రకారు సంగతీ అంతే. ఆపద మిత్ర పథకం కింద వాళ్లకు ఈత, ప్రథమ చికిత్స, రక్షణ పనులు నేర్పుతున్నారు. మంచిదే. కానీ తాడు పట్టుకోవడానికి పనికొచ్చినవాడు గట్టు ఎక్కడ వెయ్యాలన్న చర్చకు పనికిరాడా? ఈ విషయంలో సముద్రం జాడే లేని చోటు నుంచి నేర్చుకోవచ్చు. అలాంటి చోటే బళ్ళారి జిల్లా సండూరు తాలూకాలోని మెట్ట ఊరు చోరనూరు. అది ఉన్న కర్ణాటకలో 2006 నుంచి పంచాయతీలు పిల్లల కోసం విడిగా గ్రామసభ జరపాలన్న ఆదేశం ఉంది. అక్కడ బడిపిల్లలు లేచి నీళ్ల గురించి, దారి గురించి నేరుగా పంచాయతీని అడగవచ్చు. మహిళా గ్రామసభలూ వేరుగా ఉన్నాయి. అన్నిచోట్లా అవి సక్రమంగా జరుగుతున్నాయని కాదు, అడగడానికంటూ ఒక రోజు ఉండడం ముఖ్యం.

మన పంచాయతీల్లో సగం పదవులు స్త్రీలవే, భర్తలు కుర్చీ ఖాళీ చేస్తే. కాబట్టి తీర గ్రామాల సర్పంచులకు ఒక విన్నపం. అక్టోబరు తుపాన్ల కాలం రాకముందే, చేపల బేరం ముగిసే వేళ చూసి, ఆడవాళ్లతో ఒక సభ, కుర్రాళ్లతో ఒక సభ పెట్టండి. వాళ్లు చెప్పింది మినిట్స్ పుస్తకంలో రాయించి, గట్టిగా చదివి వినిపించాకే సంతకాలు తీసుకోండి.