‘హౌ ఆర్ యూ?’ అంటే ఏం చెప్పాలి?

న్యూఢిల్లీ: గురుగ్రామ్, నోయిడా కార్యాలయాల్లో తరచూ కనిపించే దృశ్యమిది. లిఫ్టులో ఎదురైన సహోద్యోగి ‘హౌ ఆర్ యూ?’ అంటారు. కొత్తగా చేరిన తెలుగు ఉద్యోగి రెండు రోజులుగా జ్వరమని చెప్పడం మొదలుపెడతారు. మాట పూర్తికాకుండానే అవతలివారు చిరునవ్వుతో దిగిపోతారు. నొచ్చుకోవలసిన పని లేదు. వారు అడిగింది ప్రశ్న కాదు, పలకరింపు.

సమాచారం కోసం కాక, మనుషుల మధ్య సంబంధాన్ని నిలిపేందుకు వాడే ఇలాంటి మాటలకు మానవశాస్త్రవేత్త బ్రోనిస్లా మలినౌస్కీ 1923లో ‘ఫాటిక్ కమ్యూనియన్’ అని పేరు పెట్టారు.

తెలుగులోనూ ఉన్నాయి

బయలుదేరిన వారిని ‘ఎక్కడికి?’ అనడం అపశకునమని మన పెద్దలు ‘ఎందాకా?’ అంటారు. ‘ఇలా దగ్గరికే’ అంటే సరిపోతుంది. చిరునామా ఎవరూ ఆశించరు. ‘భోజనమైందా?’ అన్నదీ అంతే. పాత ఉత్తరాల్లో కబురు ఏదైనా ముందు ‘ఉభయకుశలోపరి’ అని రాయడం ఆనవాయితీ. ఢిల్లీ వీధుల్లో వినిపించే ‘క్యా హాల్ హై?’కి ‘బఢియా’ అన్నదే సిద్ధంగా ఉండే జవాబు.

ఏ పలకరింపుకు ఏ బదులు?

* ‘హౌ ఆర్ యూ?’: ‘ఫైన్, థాంక్యూ’ అని, తిరిగి వారినీ అడగాలి. అలా అడిగేటప్పుడు ఒత్తు ‘యూ’ మీదికి మారుతుంది.
* ‘హౌ డూ యూ డూ?’: తొలి పరిచయంలో వాడే లాంఛనం. అవే మాటలు తిరిగి అనడమే సంప్రదాయం. ఇప్పుడు వాడుక తగ్గింది.
* ‘వాట్సప్?’: స్నేహితుల మధ్య మాట. ‘నథింగ్ మచ్’ చాలు.
* ‘యూ ఆల్‌రైట్?’: బ్రిటన్‌లో మామూలు పలకరింపు. అమెరికన్లకు మాత్రం ‘ఏమైనా ఇబ్బందా?’ అన్నట్టు వినిపించవచ్చు. విదేశీ ఖాతాదారులతో ఫోనులో మాట్లాడే ఉద్యోగులు ఈ తేడా గమనించాలి.

నిజంగా అడిగినప్పుడు

అడిగినవారు ఆగి నిలబడినా, ‘హౌ ఆర్ యూ ఫీలింగ్ నౌ?’ అన్నా, మీ అనారోగ్యం సంగతి తెలిసి అడిగినా అది నిజమైన ప్రశ్నే. ముఖ్యంగా వైద్యుల గదిలో పొరపాటు చేయకూడదు. అక్కడ అలవాటుగా ‘ఫైన్’ అనేస్తే నొప్పి, నిద్రలేమి, మందు పడకపోవడం వంటివి మరుగున పడతాయి. ఇంగ్లీషులో చెప్పడం కష్టమైతే వచ్చిన భాషలోనే వివరంగా చెప్పడం మేలు.

మానసిక వేదన విషయంలో ఈ ‘ఫైన్’ మరింత దట్టమైన తెర. ఆ తెర తొలగించేందుకే ఆస్ట్రేలియాలో 2009 నుంచి ‘ఆర్ యూ ఓకే?’ దినం పాటిస్తున్నారు. ఎదుటివారిని మనసుపెట్టి అడగడం, జవాబు ఓపిగ్గా వినడం దాని ఉద్దేశం. ‘ఫైన్’ అన్న మనిషి ముఖం అలా లేకపోతే, పక్కకు పిలిచి మరోసారి అడగవచ్చు. ఇంటికి దూరంగా, రాజధానిలో ఒంటరిగా గదిలో ఉంటున్న వారికి ఆ రెండో ప్రశ్నే ఆసరా కావచ్చు.

మానసిక ఆరోగ్య సహాయం కోసం కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు.